పలుగు తెల్లబడేదాకా

మదనపల్లెలోని ఆ కాలేజీలో భూగర్భశాస్త్రం గది ఎక్కడని అడిగితే, రెండు వేల సంవత్సరం తర్వాత చేరిన పిల్లలు తెల్లమొహం వేసేవాళ్ళు. అంజినప్ప రూము అంటే మాత్రం వెంటనే చెయ్యి చాపి చూపించేవాళ్ళు. సైకిల్ స్టాండు దాటాక, వరండా చిట్టచివర, రేకుల కప్పు గది. అందులో పద్నాలుగు బీరువాల నిండా రాళ్ళు, ఒక కోత మిషను, ఒక మైక్రోస్కోపు, ఒక అంజినప్ప. రాళ్ళన్నిటికీ చీటీలు అంటించి పేర్లు రాసి ఉండేవి. అంజినప్ప హోదా అటెండరు. అతను చేసే పనికి ఆ మాటలో చోటు లేదు గానీ, అంతకన్నా మంచి మాట కాలేజీవాళ్ళకు దొరకలేదు. అతనూ వెతకమని అడగలేదు.

ఏం పని చేస్తావని బస్సులో ఎవరైనా అడిగితే "రాళ్ళు అరగదీస్తానప్పా" అనేవాడు. నగల్లో పొదిగే రాళ్ళు కాబోలనుకుని వాళ్ళు కాస్త దగ్గరికి జరిగేవాళ్ళు. "కాదప్పా, ఉత్త రాళ్ళే, దోవలో పడుండేవి" అనగానే మళ్ళీ కిటికీ వైపు తిరిగేవాళ్ళు.

నిజానికి అది నాలుగు మాటల్లో చెప్పి ఒప్పించగల పని కాదు. రాతిలోంచి బొటనవేలి గోరంత పలక కోయాలి. ఒక ముఖాన్ని నున్నగా చేసి, కాచిన జిగురుతో గాజుపలక మీద అంటించాలి. ఇక రెండో ముఖాన్ని అరగదీయడం మొదలు. పెద్ద అద్దం మీద కార్బోరండం పొడి చల్లి, నీళ్ళు చిలకరించి, గాజుపలకను బోర్లించి రెండు వేళ్ళతో అదిమిపట్టి, ఇంగ్లీషు ఎనిమిది అంకె దిద్దుతున్నట్టు తిప్పుతూ పోవాలి. ముందు గరుకు పొడి, తర్వాత మెత్తది, చివరికి మొహానికి రాసుకునే పౌడరంత మెత్తది. రాయి వెంట్రుకలో సగం మందానికి వచ్చేసరికి అందులోంచి వెలుతురు దూరుతుంది. అప్పుడు మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే, ఆ బండరాయి తన కడుపులో ఇన్ని రంగులు దాచుకుందా అని నోరు వెళ్ళబెట్టాల్సిందే.

అయితే ఎక్కడ ఆపాలి? అసలు విద్యంతా అక్కడే ఉంది. రెండు తిప్పులు తక్కువైతే రాయి మందంగా ఉండి రంగులు అబద్ధం చెబుతాయి. రెండు ఎక్కువైతే రాయే ఉండదు, గాజు మిగులుతుంది. వెంట్రుకలో సగాన్ని కొలిచే సాధనం ఆ గదిలో లేదు. అంజినప్ప కొలత పలుగురాయి, ఇంగ్లీషులో క్వార్ట్జ్. ఏ రాతిలోనైనా పలుగు గింజలు మందంగా ఉన్నంతసేపూ మైక్రోస్కోపులో పసుపుగా కనిపిస్తాయి. అరిగేకొద్దీ ఆ పసుపు పాలిపోయి, సరైన మందానికి వచ్చేసరికి బూడిద కలిసిన తెలుపుగా మారుతుంది. అక్కడ ఆపాలి. ఆ చుట్టుపక్కల పలుగు లేని రాయి తక్కువ. ఉన్న కొద్దిపాటి నల్లరాళ్ళలోనూ తెల్ల గింజలు అదే లెక్కకు లొంగేవి. పలుగు తెల్లబడేదాకా అరగదియ్యి, అంతే. ఏళ్ళ తరబడి ఆ సూత్రం అతన్ని ఒక్కసారీ మోసం చెయ్యలేదు. మోసం చెయ్యనిదాన్ని మనిషి ఎంత గుడ్డిగా నమ్ముతాడో మీకు తెలియంది కాదు.

అంజినప్పది కుప్పం దగ్గర గుడుపల్లె. ఇంటిల్లిపాదీ క్వారీ కూలీలు. డెబ్బై ఒకటిలో చెంగల్రాయుడనే లెక్చరరు విద్యార్థులను వెంటబెట్టుకుని ఆ క్వారీకి రాళ్ళు ఏరుకోవడానికి వచ్చాడు. ఇరవై మూడేళ్ళ అంజినప్ప ఉలి పెట్టి, ఒకే దెబ్బకు రాయిని గీత గీసినట్టు చీల్చడం చూశాడు. వారం తిరక్కుండా మనిషిని పంపి మదనపల్లెకు పిలిపించుకున్నాడు. ఉద్యోగం అటెండరుదే గానీ, చెంగల్రాయుడు అతని చేతికి మొదటిరోజే చీపురు ఇవ్వకుండా రాయి ఇచ్చాడు. ఆ ఒక్క పనికి అంజినప్ప ఆయనకు జన్మంతా రుణపడిపోయాడు.

గుడుపల్లెలోనే మునిరత్నమ్మ ఉండేది. ఆమె తండ్రి రాతిదుమ్ము పీల్చి పీల్చి, దగ్గి దగ్గి నలభై రెండేళ్ళకే పోయాడు. క్వారీలో పనిచేసేవాణ్ణి చచ్చినా చేసుకోనని ఊరంతా వినేలా చెప్పిన పిల్ల, అంజినప్ప క్వారీ వదిలి కాలేజీలో చేరాడని ఏరికోరి చేసుకుంది. మదనపల్లెలో కాపురం పెట్టిన మొదటిరోజు సాయంత్రం, మొగుడు ఉద్యోగం నుంచి ఇంటికొచ్చాడు. జుట్టు మీద, కనుబొమల మీద, చొక్కా మడతల్లో తెల్లటి దుమ్ము. ఆమె గడపలో నిలబడి చాలాసేపు చూసి, "కాలేజీ అంటివి గదప్పా" అంది.

అప్పటినుంచి ఆ ఇంట్లో ఒక రూలు. కొళాయి దగ్గర చేతులు కడుక్కుని, చొక్కా విప్పి దులిపి, ఆ తర్వాతే గడప దాటాలి. అతను ఎనిమిదేళ్ళు తప్పకుండా పాటించాడు. పిల్లలు కలగలేదు. ఎనభై నాలుగులో మునిరత్నమ్మ అన్న కూడా తండ్రి దారినే, అదే దగ్గుతో వెళ్ళిపోయాడు. కర్మాంతరాలు కాగానే ఆమె పుంగనూరులో ఒక బడిలో ఆయాగా చేరి, అక్కడే చిన్న ఇల్లు చూసుకుంది. గొడవేమీ పడలేదు. పెట్టె సర్దుకుంటూ, "నువ్వు ఆ రాళ్ళు మానుకున్న దినం రా. నేను యాడికీ పోను" అంది.

మానుకుంటాననే అన్నాడు. వచ్చే ఏడు మానుకుంటానన్నాడు. ఆ మాట పట్టుకుని పదకొండేళ్ళు, నెలకొకసారి రెండో శనివారం పుంగనూరు బస్సెక్కుతూ గడిపాడు. మంచివాడే. భార్య మీద ప్రేమ లేనివాడూ కాదు. కానీ ఒక ముక్క చేతిలోకి తీసుకుంటే దాని లోపల ఏముందో చూడకుండా కింద పెట్టలేని బుద్ధి అతనిది. మునిరత్నమ్మకు పోటీగా సవతి ఎవరైనా ఉండి ఉంటే జుట్టు పట్టుకుని బయటికి ఈడ్చేదేమో. రాళ్ళను ఏం చేస్తుంది?

తొంభై అయిదులో రెండు సంగతులు ఒకే నెలలో జరిగాయి.

మొదటిది. మునిరత్నమ్మ పనిచేసే బడిలో వాచ్‌మన్ మానేశాడు. ఆమె పెద్ద పంతులమ్మ శాంతమ్మ కాళ్ళావేళ్ళా పడి ఆ పని మొగుడికి మాట్లాడి పెట్టి, కార్డు రాయించింది. శనివారం వచ్చి అవునో కాదో చెప్పమంది. అంజినప్ప కార్డు మూడుసార్లు చదివించుకున్నాడు. అతనికి నలభై ఏడేళ్ళు. పగలంతా రాళ్ళతో, రాత్రి ఒంటిగదిలో తన వంట తను వండుకుని, మాట్లాడే మనిషి లేక గొంతు తుప్పు పడుతున్నట్టుండేది. సరేనని చెప్పేద్దామనే నిశ్చయించుకున్నాడు. చెంగల్రాయుడికి ఎలా చెప్పాలో మాటలు కూడా కూడబలుక్కున్నాడు.

రెండోది. అదే వారంలో కాలేజీకి చంద్రుడు వచ్చాడు.

అమెరికావాళ్ళు చంద్రుడి మీదినుంచి తెచ్చిన రాళ్ళను అరగదీసి చేసిన పన్నెండు గాజుపలకలు, తాళమున్న పెట్టెలో, ఒక యూనివర్సిటీకి అరువుగా వచ్చాయట. చెంగల్రాయుడు అక్కడి పాత స్నేహితుణ్ణి బతిమాలి మూడు రోజులకు మదనపల్లె తెప్పించాడు. పెద్దవాళ్ళు వచ్చారు, ఫోటోలు దిగారు. పిల్లలు వరసలో నిలబడి ఒంటికన్ను మూసి చూశారు. అంజినప్ప మూడు రోజులూ గుమ్మం దగ్గర నిలబడి, ఒక్కొక్కరు చూసి వెళ్ళాక మైక్రోస్కోపు అద్దం తుడిచాడు. అతనూ చూడాలని ఎవరికీ తోచలేదు. అతనికి అడగాలని తోచినా నోరు రాలేదు.

మూడోరోజు మధ్యాహ్నం, పెట్టె సర్దబోతుండగా, ఆ క్లాసులో ఉన్న ఒకే ఒక్క ఆడపిల్ల చంద్రిక అంది: "సార్, అంజినప్పన్న సూడలేదు సార్." తంబళ్లపల్లె పిల్ల, నాన్నకు వేరుశనగ సేద్యం. తడుముకోకుండా మాట్లాడుతుంది. చెంగల్రాయుడు నాలిక కరుచుకున్నాడు. "అయ్యో, రాప్పా, రా! ముందు నువ్వు సూడాల్సింది."

అంజినప్ప చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. మొదటిది నల్లరాయి. చంద్రుడిలో మనకు మచ్చల్లా కనిపించేవి ఇలాంటి రాతి మైదానాలేనని, ఒకప్పుడు కరిగి పారి గడ్డకట్టినవని సారు చెబుతున్నాడు. లోపల ఎరుపు, నీలం, ఆకుపచ్చ. అంజినప్పను కదిలించింది రంగులు కాదు, శుభ్రం. భూమ్మీద రాయి ఏదైనా సరే, లోపల ఎక్కడో ఒకచోట తుప్పు, చెమ్మ, మట్టి కనిపిస్తాయి. ఇందులో ఇసుమంతైనా లేదు.

"నీళ్ళు తగల్లేదప్పా దానికి. మూడు వందల కోట్ల ఏండ్లు దాటినా చుక్క నీళ్ళు తాకలేదు" అన్నాడు చెంగల్రాయుడు.

"మా తంబళ్లపల్లె కంటే కరువా సార్?" అంది చంద్రిక. గదంతా నవ్వింది.

రెండోది తెల్లరాయి. చంద్రుడి మీద వెలుగుతూ కనిపించే ఎత్తు ప్రదేశాలన్నీ ఈ రాయేనట. అంజినప్ప కన్ను ఆనించి చూశాడు. తెల్ల గింజలు పెద్దపెద్ద పలకల్లా ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉన్నాయి. వాటి మీద, చాలా పల్చగా, ఎండుగడ్డి రంగు పసుపు. అతను పలకను ఒక చుట్టు తిప్పి చూశాడు. ఇంకో చుట్టు తిప్పాడు. పసుపే.

"సార్, ఇది ఎవురు అరగదీసిండేది?"

"ఎవురో అప్పా. హ్యూస్టన్‌లో వాళ్ళ పనోడెవడో. యాల?"

"పసుపు వదల్లేదు సార్. ఇంగ నాలుగు తిప్పులు తిప్పుండాల్సింది. పనోడు తొందరపడి లేసి పోయినట్టుండాడు."

చెంగల్రాయుడు అప్పటికే పలకలు లెక్కబెట్టి పెట్టెలో సర్దుతున్నాడు. వాటిని తిరిగి తీసుకెళ్ళే మనిషి అయిదు గంటల బస్సుకు అందాలి. మళ్ళీ మైక్రోస్కోపులోకి చూడకుండానే, నవ్వుతూ భుజం తట్టాడు. "నీ అంత పనోడు వాళ్ళకి యాడ దొరుకుతాడప్పా!"

ఆ పెద్దాయన ఏదో ముద్దుగా అన్నాడు. మెచ్చుకోవడానికి కారణం దొరికితే వదులుకునే మనిషి కాదు. కానీ కొన్ని మాటలు అనేముందు ఒక్క క్షణం ఆగి మైక్రోస్కోపులోకి చూస్తే ఎంత బాగుండేదో అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. ఆయన చూసి ఉంటే అక్కడే చెప్పేవాడు. చూడలేదు. అంజినప్ప ఆ మాటను గుండెల్లో దాచుకుని శనివారం పుంగనూరు బస్సెక్కాడు.

కొళాయి దగ్గర చేతులు కడుక్కుని లోపలికి రాగానే మునిరత్నమ్మ రాగిముద్ద, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి పెట్టింది. కొత్త చొక్కా వేసుకునొచ్చాడని గమనించి లోలోపల మురిసింది కూడా. "ఏమంటావు? శాంతమ్మ టీచరు అడగతా ఉండాది" అంది.

"మునిరత్నా, నేను చంద్రుణ్ణి సూసినా" అన్నాడు అంజినప్ప. మొదలుపెట్టాడు. నల్లరాయి, తెల్లరాయి, పసుపు, హ్యూస్టన్. ముద్ద చల్లారిపోయింది. "అంత దూరం పోయి తెచ్చిన రాయిని సరిగ్గా అరగదీసేవాడు ఆ దేశంలోనే లేడంట. సారే అన్న్యాడు, నా అంత పనోడు యాడా లేడని. ఇట్లాటి సెయ్యిని తీస్కపోయి బడి గేటుకి కాపలా పెట్టమంటావా?"

ఆమె చల్లారిన ముద్ద వైపు చూసింది. "కంచం తీసేదా?" అంది. వాచ్‌మన్ పని ఇంకెవరికో ఇచ్చారు. మునిరత్నమ్మ మళ్ళీ ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు. ఆమె ఊసెత్తకపోవడాన్ని అంజినప్ప ఒప్పుకోవడం కింద జమ కట్టుకున్నాడు. తెలివైనవాళ్ళు కూడా చేసే తప్పే అది.

తొంభై తొమ్మిదిలో చెంగల్రాయుడు రిటైరయ్యాడు, మూడేళ్ళకు కన్నుమూశాడు. పిల్లలు కంప్యూటర్ల వైపు పరిగెత్తారు. భూగర్భశాస్త్రంలో చివరి ఏడు ముగ్గురు, తర్వాత ఎవరూ లేరు. కోర్సు ఎత్తేశారు. రాళ్ళను ఎక్కడ పారేయాలో తెలియక వాటిని అక్కడే వదిలేశారు. వాటితోపాటు అంజినప్పను కూడా. అడిగేవాళ్ళు లేకపోయినా అతను హార్స్లీ హిల్స్ దోవలో ఏరుకొచ్చిన రాళ్ళు కోసి, అరగదీసి, నంబరు వేసి డబ్బాల్లో పెట్టేవాడు. చూసేవాళ్ళెవరూ లేరు. నెలలో పదిరోజులు ఆ గదికి మనిషన్నవాడు వచ్చేవాడు కాదు.

మనిషికి ఎవరో ఒకరు కావాలి. అంజినప్పకు హ్యూస్టన్ పనివాడు దొరికాడు. అతనికి హ్యూస్టనప్ప అని పేరు పెట్టుకున్నాడు. పొడి చల్లి తిప్పడం మొదలుపెట్టగానే కబుర్లూ మొదలయ్యేవి. "సూడు హ్యూస్టనప్పా, ఇట్ల తిప్పల్ల. తొందర పనికిరాదు. నీకి పెండ్లాం ఉండాదా? ఇంటికి పోవల్లని ఎగబడి లేసినట్టుండావు ఆ పొద్దు." పలుగు తెల్లబడగానే పలకను ఎత్తి, ఎదుటివాడికి చూపిస్తున్నట్టు గాల్లో పట్టుకునేవాడు. వినడానికి నవ్వొస్తుంది. గుమ్మంలో నిలబడి చూస్తే మాత్రం నవ్వు రాదు. అరవైకి దగ్గరపడిన మనిషి, ఖాళీ గదిలో, ప్రపంచం అవతలివాణ్ణి ఏళ్ళ తరబడి మందలిస్తూ బతికాడు. తనకన్నా పనితనం తక్కువవాడు ఒకడు ఎక్కడో ఉన్నాడన్న ధైర్యమే అతనికి తోడు.

రెండు వేల ఎనిమిది మే నెల. ఇంకో నెలలో అంజినప్ప రిటైర్మెంటు. మిట్టమధ్యాహ్నం గుమ్మంలో ఒక ఆడమనిషి నిలబడి "అన్నా, గుర్తుండానా?" అంది. గొంతు వినగానే పట్టేశాడు. చంద్రిక. బెంగళూరులో రాళ్ళ మీద పరిశోధన చేస్తోంది. కణతల దగ్గర రెండు తెల్లవెంట్రుకలు కూడా వచ్చాయి.

ఆమె సంచిలోంచి దూదిలో చుట్టిన మూడు తెల్లరాతి ముక్కలు తీసి బల్ల మీద పెట్టింది. తమిళనాడులో, సేలం అవతల దొరికే రాయి. చంద్రుడి తెల్లరాయికి దగ్గరి చుట్టం. ఈ ఏడాది చివర్లో మన దేశం చంద్రుడి దగ్గరికి ఒక నౌకను పంపబోతోంది. అది పైనుంచి చూసి చెప్పేదాన్ని అర్థం చేసుకోవాలంటే ఇలాంటి రాళ్ళను ఇక్కడ బాగా చదువుకుని ఉండాలి.

"మా మిషన్లో పెడితే పగిలిపోతాండాయన్నా. చేత్తో చేసేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు. నాకు నువ్వే గుర్తొచ్చినావు. ఇవి మూడే ఉండాయి, జాగర్త. నేను ఊరికి పోయి అమ్మను చూసుకుని నాలుగు దినాల్లో వస్తాను."

ఆమె వెళ్ళాక అంజినప్ప తలుపు వేసుకుని చాలాసేపు ఊరికే కూర్చున్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. చూశావా హ్యూస్టనప్పా, చివరికి నా దగ్గరికే వచ్చింది, అనుకున్నాడు.

మొదటి ముక్క రెండు రోజులు పట్టింది. మెత్తటి పొడి దాకా వచ్చి మైక్రోస్కోపులో చూస్తే తెల్ల గింజల మీద అదే పసుపు, తొంభై అయిదులో చూసిన పసుపు. అతనికి నవ్వొచ్చింది. హ్యూస్టనప్ప లేచి వెళ్ళిపోయిన చోటు ఇదే. తను లేవలేదు. ఇంకా తిప్పాడు. చాలాసేపటికి పసుపు వదిలింది. రెండోదాన్ని కూడా అలాగే తెచ్చాడు. ఇంకా అక్కడక్కడా పసుపు ఉందని మరో నాలుగు తిప్పులు తిప్పి, నీళ్ళలో కడిగాడు. ఎత్తి చూస్తే గాజు మీద జిగురు మాత్రమే ఉంది. రాయి నీళ్ళతో పోయింది.

ముప్పై ఏడేళ్ళలో ఇలా ఎప్పుడూ జరగలేదు. వయసు మీదపడి చెయ్యి వణికిందేమో అనుకున్నాడు. మూడో ముక్క ముట్టుకోకుండా, చంద్రిక వచ్చేదాకా బల్ల ముందే కూర్చున్నాడు.

ఆమె వచ్చి మొదటి పలకను మైక్రోస్కోపు కింద పెట్టి చూసింది. తల ఎత్తింది. మళ్ళీ చూసింది. "అన్నా, ఇది మరీ పల్చగా అయిపోయింది. పనికిరాదు" అంది మెల్లగా.

"అదెట్లమ్మా? పలుగు తెల్లబడినాక గదా ఆపినాను. కావల్లంటే సూడు."

"ఇందులో పలుగు లేదన్నా."

అంజినప్ప ఆమె ముఖంలోకి చూశాడు.

"నువ్వు పలుగనుకునింది వేరే గింజ. మన నల్లరాళ్ళలో ఉండేదానికి దాయాదే గానీ, దీంట్లో సున్నం ఎక్కువ. అందుకే సరైన మందంలో కూడా లేతపసుపు వదలదు. ఆ పసుపు దగ్గిరే ఆపల్ల. నువ్వు ఇంకా కిందికి పోయినావు. తప్పు నాది, ముందే చెప్పుండాల్సింది."

"చంద్రుడి మీద కూడానా అమ్మా?"

"చంద్రుడి రాళ్ళలో పలుగు లేనట్టే అన్నా. అరుదుగా ఎక్కడో ఇసుమంత. ఆ తెల్లరాయిలో అంతా ఈ గింజే." ఆమె కంప్యూటరు తెరిచి ఒక ఫోటో చూపించింది. తెల్లని పలకలు, వాటి మీద పల్చని ఎండుగడ్డి రంగు.

అంజినప్ప ఫోటో మీంచి కళ్ళెత్తి అడిగాడు. "అయితే ఆయప్ప తప్పు చెయ్యలేదా?"

"ఏ ఆయప్ప?"

"అమెరికాలో అరగదీసిండేయప్ప."

చంద్రికకు అర్థం కాలేదు. "లేదన్నా, బాగా చేసుంటారు" అంది.

అంజినప్ప తల ఊపాడు. అవమానంగా ఉంది. అంతకంటే ఎక్కువగా దిగులుగా ఉంది. పదమూడేళ్ళు ఎవణ్ణి తప్పుపడుతూ వచ్చాడో వాడు సరిగ్గా ఆపాల్సిన చోట ఆపి, చేతులు కడుక్కుని, ఇంటికి వెళ్ళిపోయాడు. తనకే ఎక్కడ ఆపాలో తెలియలేదు. ఆ గదిలో తనతో ఉన్న ఒక్క మనిషీ ఆ పూట లేచి వెళ్ళిపోయినట్టయింది. కొత్త చొక్కా వేసుకుని పుంగనూరు వెళ్ళిన శనివారం గుర్తొచ్చింది. కంచం తీసేదా అన్న మాట గుర్తొచ్చింది.

మూడో ముక్కను చంద్రిక ఎదురుగానే అరగదీశాడు. పసుపు లేతగా మిగిలిన చోటికి వచ్చాక చెయ్యి ఆగనంది. ముప్పై ఏడేళ్ళ అలవాటు ఇంకో నాలుగు తిప్పులు తిప్పమంది. అంజినప్ప ఎడమచేత్తో కుడిచేతి మణికట్టు పట్టుకుని పైకి లాగాడు. చంద్రిక మైక్రోస్కోపులో చూసి, చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. ఆ పలకను దూదిలో చుట్టుకుని సాయంత్రం బస్సుకు బెంగళూరు వెళ్ళిపోయింది.

రిటైరైన మొదటి శనివారం అంజినప్ప తన పెట్టె కూడా తీసుకుని పుంగనూరు వెళ్ళాడు. కొళాయి దగ్గర చేతులు కడుక్కున్నాడు. మునిరత్నమ్మ జుట్టు పూర్తిగా నెరిసింది. ఆమె పెట్టెను చూసింది. అతను జేబులోంచి గుడ్డలో చుట్టిన గాజుపలక తీసి ఆమె చేతికిచ్చాడు.

ఆమె దాన్ని వెలుతురుకు పట్టి చూసింది. "ఏందిది? ఏమీ లేదే ఇందులో."

"రాయి ఉన్నింది. ఎక్కువ అరగదీసేసినా."

అప్పుడు చెప్పాడు. పలుగు సంగతి, పసుపు సంగతి, హ్యూస్టనప్ప సంగతి. "ఆయప్ప సరిగ్గానే చేసినాడంట మునిరత్నా. తప్పు నాది. ఆ దినం నువ్వు పిలిస్తే నేను రాకుండా పోయింది ఆ తప్పును నమ్ముకోని." పెట్టెను గోడవారగా జరిపాడు. "ఇంగ మానుకున్నా. వచ్చేసినా."

మునిరత్నమ్మ గాజుపలకను ఒళ్ళో పెట్టుకుని, కొంగుతో మెల్లగా తుడుస్తూ కూర్చుంది. కోపం లేదు ఆమె ముఖంలో. కోపం ఉంటే ఎంత బాగుండునని అంజినప్పకు అనిపించింది.

"తప్పు చేసినానని ఒప్పుకునేదానికి నువ్వు చంద్రుడి దాకా పోవాల్సి వచ్చిందే" అంది. కాస్త నవ్వింది. ఆ తర్వాత, "నేను నీ కోసరం శానా ఏండ్లు ఎదురుసూసినానప్పా. ఎప్పుడు మానేసినానో నాకే తెలీదు. ఇప్పుడు ఒంటిగా లేస్తాను, ఒంటిగా తింటాను. ఇంట్లో ఇంగో మనిషి అలికిడైతే నిద్ర పట్టదు నాకి. అలవాటైపోయింది. ఏమనుకోవద్దు" అంది.

అతను ఏమీ అనుకోలేదు. ఏమనుకోవడానికి అతనికి హక్కు లేదని అతనికి తెలుసు. అన్నం తిన్నాడు. ఆమె గుమ్మం దాకా వచ్చి, "శనివారాలు వచ్చేది మానొద్దు. ఇప్పుడు పని లేదు గదా, ప్రతి శనివారమూ రా" అంది. అంజినప్ప పెట్టె పట్టుకుని మదనపల్లె బస్సెక్కాడు. గాజుపలక ఆమె తిరిగి ఇవ్వలేదు. అతనూ అడగలేదు.

అక్టోబరులో నౌక చంద్రుడి వైపు బయలుదేరింది. ఆ శనివారం అంజినప్ప వెళ్ళేసరికి మునిరత్నమ్మ ఆ వార్త ఉన్న పేపరు బడినుంచి తెచ్చి మడిచి పెట్టింది. పిల్లలకు తనే చెప్పిందట, చంద్రుడి రాళ్ళలో పలుగు ఉండదని, మా ఆయన అరగదీసి సూసినాడని. కిటికీలో, ఎండ పడే చోట, గాజుపలక నిలబెట్టి ఉంది. దుమ్మంటే గిట్టని మనిషి, దాన్ని రోజూ తుడుస్తున్నట్టుంది.

లోపలికి వెళ్ళేముందు అంజినప్ప అలవాటుగా కొళాయి దగ్గర ఆగాడు. చేతులకు రాతిదుమ్ము అంటి నాలుగు నెలలైంది. అయినా గోళ్ళ సందులు కూడా రుద్ది రుద్ది కడుక్కున్నాడు. సాయంత్రం బస్సుకు ఒంటిగదికి వెళ్ళిపోయాడు.